ఓడను లాగిన చేయి: ఆర్కిమెడీస్ జీవితం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతంలో, వింజమూరు, ఉదయగిరి వైపు సాగే దారిలో కలిగిరి ఉంది. పొగాకూ అపరాలూ పండే నేలలవి. ఆ పొలాల నడుమ ఆగిపోయిన ట్రాక్టరును మరమ్మతు షెడ్డుకు చేర్చవలసి వచ్చినప్పుడు ఒక ట్రైలరు వస్తుంది. దాని వెనుక రెండు ఇనుప వాలుబల్లలను దించుతారు. ట్రైలరు ముందుభాగంలో బిగించిన వించి నుంచి ఉక్కుతాటిని లాగి, దాని కొక్కేన్ని ట్రాక్టరు ముందుభాగానికి తగిలిస్తారు. ఒకరు వించి పిడిని తిప్పుతూ ఉంటే, మరొకరు బండి ఎక్కిన ప్రతి మూరకూ చక్రాల వెనుక దుంగను జరుపుతూ ఉంటారు. బిగిసిన తాడు తెగితే కొరడా వలె విరుచుకుపడుతుంది గనుక దాని దారిలో ఎవరినీ నిలబడనివ్వరు. ఎద్దుల సాయం లేకుండా, ఇంజను సాయం లేకుండా, రెండు వేల కిలోల బరువు ఒక మనిషి చేతిబలంతో అంగుళం అంగుళంగా పైకి ఎక్కుతుంది.

ఒక్క చేయి అంత బరువును ఎలా కదిలించగలదన్న ప్రశ్నకు ఇరవై రెండు శతాబ్దాలకు పూర్వమే గణితంతో సమాధానం చెప్పినవాడు ఆర్కిమెడీస్. సమాధానం చెప్పి ఊరుకోక, రాజు ఎదుట, నగరప్రజల ఎదుట చేసి చూపించినవాడు కూడా ఆయనే. ఆ చేసి చూపించిన విద్య చివరకు ఆయనను యుద్ధంలోకి ఈడ్చుకుపోయింది.

ఆర్కిమెడీస్ క్రీ.పూ. 287 ప్రాంతంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ నగరంలో జన్మించాడు. ఈ సంవత్సరం కూడా నేరుగా లభించినది కాదు. ఆయన మరణించిన సంవత్సరం క్రీ.పూ. 212 అని చరిత్రకు తెలుసు. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదేళ్ళని పన్నెండవ శతాబ్దపు రచయిత ఒకరు వ్రాశాడు. ఆ రెండింటినీ కలిపి పుట్టిన సంవత్సరాన్ని లెక్కగట్టారు. తండ్రి ఫిడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూర్యచంద్రుల పరిమాణాలను పోల్చిన వారి వరుసలో ఆర్కిమెడీస్ తన గ్రంథంలో ఒకచోట ఆయనను ప్రస్తావించాడు. తండ్రిని గురించి లోకానికి తెలిసినది అంతమాత్రమే. హెరాక్లిడీస్ అనే ఆయన ఆర్కిమెడీస్ జీవితచరిత్రను వ్రాశాడని తరువాతివారు పేర్కొన్నారు గాని, ఆ గ్రంథం కాలగర్భంలో కలిసిపోయింది. అందువలన ఆయన జీవితాన్ని పాలిబియస్, లివీ, ప్లూటార్క్ వంటి చరిత్రకారుల రచనల నుంచీ, ఆయన స్వయంగా మిత్రులకు వ్రాసిన గణిత లేఖల నుంచీ ఏరుకోవలసి ఉంటుంది.

సిరక్యూజ్ గ్రీకులు నెలకొల్పిన రేవు పట్టణం. ఓడల నిర్మాణం, సరుకుల ఎగుమతి దిగుమతులు అక్కడి నిత్యకృత్యాలు. తాడు, కప్పీ, దూలం అనే మూడింటి నడుమ ఆ బాలుడు పెరిగి ఉంటాడని భావించడం అసమంజసం కాదు. యౌవనంలో ఆయన ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కొంతకాలం గడిపినట్లు తెలుస్తున్నది. ఆనాటి విద్యాలోకానికి ఆ నగరం కాశీ వంటిది. అక్కడి ఖగోళవేత్త కోనన్, భూమి చుట్టుకొలతను గణించిన ఎరటోస్తనీస్ ఆయనకు మిత్రులు. జీవితాంతం తన కొత్త సిద్ధాంతాలను లేఖలుగా వ్రాసి అలెగ్జాండ్రియాకు పంపుతూ వచ్చాడు.

గొట్టంలో మెలితిరిగిన మరను తిప్పుతూ పల్లం నుంచి మిట్టకు నీరు తోడే సాధనాన్ని ఆయన ఈజిప్టులో ఉన్నప్పుడే రూపొందించాడని ఒక ప్రాచీన చరిత్రకారుడు వ్రాశాడు. అటువంటిది అంతకు ముందే ఉండేదని వాదించే పండితులు కూడా ఉన్నారు. ఏమైనా ఆ మరకు ఆయన పేరు స్థిరపడిపోయింది. విద్యుత్తు మోటార్లు రాకముందు మన మెట్టప్రాంతాల రైతులు కపిల బావులలో ఎద్దులను ఏటవాలుగా దిగువకు నడిపించి గిలక మీదుగా నీటిని పైకి తెచ్చుకున్నారు. నైలు నది ఒడ్డున రైతు కూర్చున్నచోటనే మరను తిప్పి ఆ పని సాధించాడు. రెండు చోట్లా కష్టం ఒకటే. దానిని తేలిక చేసుకున్న ఉపాయం వేరు.

ఆర్కిమెడీస్ గొప్పతనం ఉపాయాలను కనిపెట్టడంలో కంటే వాటి వెనుక ఉన్న నియమాన్ని పట్టుకోవడంలో ఉంది. గడ్డపారతో బండరాయిని పెకలించడం ఆయనకు ముందే లోకానికి తెలుసు. అయితే ఆనుడుబిందువు నుంచి దూరం ఎన్ని రెట్లు పెరిగితే కావలసిన బలం అన్ని వంతులు తగ్గుతుందని, సమతలాల సమతౌల్యాన్ని గురించిన గ్రంథంలో రేఖాగణిత పద్ధతిలో నిరూపించినవాడు ఆయన. వించి ఈ నియమానికే గుండ్రని రూపం. పిడి పొడవు నలభై సెంటీమీటర్లు, తాడు చుట్టుకొనే డ్రమ్ము వ్యాసార్ధం అయిదు సెంటీమీటర్లు అనుకుంటే, చేతిబలం ఎనిమిది రెట్లు అవుతుంది. నడుమ ఒకటికి అయిదు నిష్పత్తిలో పళ్ళచక్రాలుంటే అది నలభై రెట్లవుతుంది.

కలిగిరి ట్రాక్టరుకే ఈ లెక్కను అన్వయించి చూడవచ్చు. దాని బరువు రెండు వేల కిలోలు, ట్రైలరు ఎత్తు ఒక మీటరు, వాలుబల్లల పొడవు నాలుగు మీటర్లు అనుకుందాం. వాలు వలన లాగవలసిన బరువు నాలుగో వంతుకు, అంటే అయిదు వందల కిలోలకు తగ్గుతుంది. వించి దానిని నలభైతో భాగిస్తుంది. ఒరపిడిని లెక్కలోకి తీసుకోకపోతే చేతికి తగిలేది పన్నెండున్నర కిలోలు మాత్రమే. ఇది మాయ కాదు. దీనికి చెల్లించవలసిన మూల్యం ఉన్నది. బండి నాలుగు మీటర్లు కదలాలంటే చేయి నూట అరవై మీటర్లు తిరగాలి. బలం నలభైవ వంతుకు తగ్గితే, తిరగవలసిన దూరం నలభై రెట్లు పెరిగింది. పిడి తిప్పే మనిషి చెమట ఎక్కడికీ పోలేదు. పన్నెండు మంది ఒక్క ఊపులో చేయవలసిన పనిని అతడొక్కడే చాలాసేపు చేస్తున్నాడు, అంతే.

సిరక్యూజ్‌ను అప్పుడు పాలించినవాడు రెండవ హైరో. ఆర్కిమెడీస్ రాజుకు బంధువని ప్లూటార్క్ వ్రాశాడు. సామాన్య కుటుంబీకుడని సిసిరో మాటల వలన తోస్తుంది. బంధుత్వం మాటెలా ఉన్నా, ఇద్దరి మధ్య చనువు ఉండేది. ఎంత చిన్న బలంతోనైనా ఎంత పెద్ద బరువునైనా కదిలించవచ్చని ఆర్కిమెడీస్ రాజుకు లేఖ వ్రాశాడట. రాజుకు అది నమ్మశక్యం కాలేదు, చేసి చూపమన్నాడు. రాజనౌకాశాలకు చెందిన మూడు తెరచాపకొయ్యల ఓడ ఒకటి అప్పటికే ఎందరో కూలీలు శ్రమించగా ఒడ్డుకు చేరి ఉంది. ఆర్కిమెడీస్ దానిని ఖాళీ చేయించలేదు. ఎప్పటివలె సరుకునూ, అంతకు మించి మనుషులనూ ఎక్కించమన్నాడు. తాను దూరంగా కూర్చొని, పలు కప్పీలను కూర్చిన సాధనం తాటికొసను తాపీగా లాగాడు. నిలకడ నీటిపై తేలుతున్నట్లుగా ఓడ కుదుపు లేకుండా ఆయన వైపు జరుగుతూ వచ్చింది.

ఈ కథను చెప్పిన ముగ్గురూ మూడు విధాలుగా చెప్పారు. ఎథినేయస్ కథనం ప్రకారం అది సిరక్యూసియా అనే మహానౌక. హైరో దానిని కట్టించాడు. ఎట్నా పర్వతపు అడవుల నుంచి వచ్చిన కలప అరవై యుద్ధనౌకలకు సరిపోయేటంత ఉందట. దానిని నీటిలోకి దించడం ఎలాగో ఎవరికీ తోచకపోతే, ఆర్కిమెడీస్ మరతో నడిచే లాగుడు యంత్రాన్ని అమర్చి, కొద్దిమందితోనే దించాడు. అటువంటి యంత్రాన్ని మొదట చేసినవాడు కూడా ఆయనేనని ఎథినేయస్ వ్రాశాడు. ప్రోక్లస్ కథనంలో తాటిని లాగినవాడు సాక్షాత్తు రాజే. కప్పీలా, మరా, రెండూ కలిపిన సాధనమా అనేది తేలని విషయం. అయితే లెక్క తెలిసినవారికి మర మాట నమ్మదగినదిగా తోస్తుంది. మరను ఒక పళ్ళచక్రానికి ఆనించి తిప్పితే, మర ఒక చుట్టు తిరిగేసరికి చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. నలభై పళ్ళ చక్రమైతే నలభై రెట్ల బలం వస్తుంది. అంతేకాక తిప్పేవాడు చేయి వదిలినా, మర మెలిక తగినంత సన్ననిదైతే బరువు వెనక్కి జారదు. ఈనాటి వించిలలో కొన్నింటిలో ఉండేది ఈ మరా చక్రమూ కలిసిన జంటే. అది లేనివాటిలో చక్రం పళ్ళ మధ్య పడి వెనుతిరగనివ్వని చిన్న ఇనుపముక్క ఆ కాపలా కాస్తుంది.

బరువును కదిలించడమంటే ప్రాచీనుల ఊహకు వెంటనే తోచేది జనసమూహం. మన పురాణాలలో మందరగిరిని కదిలించడానికి వాసుకిని తాడుగా చుట్టి, ఒకవైపు దేవతలూ మరొకవైపు రాక్షసులూ పట్టి లాగవలసి వచ్చింది. తిరునాళ్ళలో తేరు కదలాలంటే మోకులు పట్టుకొనే చేతులు వందల సంఖ్యలో కావాలి. ఆ సమష్టి శ్రమలోనే అందం ఉంది. వందల చేతుల స్థానంలో ఒక్క చేయి చాలునని సిరక్యూజ్ రేవులో ప్రజలు చూసిన రోజున వారికి కలిగిన విస్మయాన్ని నేటివారు ఊహించడం కష్టం. ఓడను చూసి ఆనందించిన హైరో ఆలోచన మాత్రం వేరొక దారి పట్టింది. నగరరక్షణకు యంత్రాలను నిర్మించి ఇవ్వమని ఆయన ఆర్కిమెడీస్‌ను కోరాడు. యంత్రాలు తయారయ్యాయి గాని, రోమ్‌తో మైత్రిని నిలుపుకొన్న హైరో పాలనలో వాటికి పని పడలేదు.

బంగారు కిరీటంలో వెండి కలిసిన సంగతిని నీటితో తేల్చిన కథ బడిపిల్లలకు కూడా తెలిసినదే. దానిని వ్రాసినవాడు ఆర్కిమెడీస్‌కు సుమారు రెండు వందల ఏళ్ళ తరువాతి విట్రూవియస్. స్నానపుతొట్టి మాట ఆర్కిమెడీస్ గ్రంథాలలో ఎక్కడా లేదు. తేలే వస్తువులను గురించి ఆయన వ్రాసిన గ్రంథం మాత్రం ఉంది, అది కథ కంటే గొప్పది. తొంభై ఆరు భుజాల బహుభుజిని ఉపయోగించి, వృత్త పరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తి 22/7 కంటే తక్కువ, 223/71 కంటే ఎక్కువ అని తేల్చినవాడు కూడా ఆయనే.

క్రీ.పూ. 215లో హైరో మరణించాడు. సింహాసనమెక్కిన మనుమడు హైరోనిమస్ పిన్నవయస్కుడు. రోమ్‌ను విడిచి కార్తేజ్ వైపు మొగ్గాడు. ఏడాది తిరిగేసరికి హత్యకు గురయ్యాడు. నగరం కార్తేజ్ పక్షపాతుల చేతిలోకి పోయింది. రోమన్ సేనాని మార్సెలస్ సముద్రం మీదుగానూ, అప్పియస్ నేలమీదుగానూ సిరక్యూజ్‌ను ముట్టడించారు. ఆర్కిమెడీస్‌కు అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటాయి. రాజు కుతూహలాన్ని తీర్చడానికి ఓడను లాగిన విద్య ఇప్పుడు ఓడలను ముంచడానికి అవసరపడింది.

ఈ యుద్ధాన్ని వర్ణించినవారిలో పాలిబియస్ ఘటనకు అత్యంత సమీప కాలానివాడు. ఆయన చెప్పిన ప్రకారం గోడల వెనుక దూరానికి ఒకటి, దగ్గరకు ఒకటి చొప్పున రాళ్ళు విసిరే యంత్రాలు అమర్చి ఉన్నాయి. వాటిని తప్పించుకొని గోడ కిందికి వచ్చిన ఓడల కోసం మరొక యంత్రం కాచుకొని ఉంది. గోడ మీదుగా ఒక దూలం ముందుకు వచ్చేది. దాని కొస నుంచి గొలుసుతో వేలాడే ఇనుపహస్తం ఓడ ముందుభాగాన్ని పట్టుకొనేది. గోడ లోపలివారు దూలం రెండవ కొసను కిందికి అణచేవారు. ఓడ ముక్కు పైకి లేచి, ఓడ వెనుకభాగంపై నిలువుగా నిలబడేది. అప్పుడు లోపలి కొసను కదలకుండా బిగించి, గొలుసును ఒక్కసారిగా వదిలేవారు. కొన్ని ఓడలు పక్కకు ఒరిగాయి, కొన్ని తలకిందులయ్యాయి, కొన్ని నీటితో నిండిపోయాయి. బరువును ఎత్తి నిలపడం, నిలిపి వదలడం, ఈ రెండింటినీ అదుపులో ఉంచుకోవడమే ఏ లాగుడు యంత్రానికైనా ప్రాణం. ట్రాక్టరును ఎక్కించేటప్పుడు జరగకూడదని జాగ్రత్తపడేది ఏదో, దానినే ఆర్కిమెడీస్ ఇక్కడ కావాలని జరిపించాడు. అద్దాలతో సూర్యకిరణాలను మళ్ళించి ఓడలను తగులబెట్టాడన్న కథ మాత్రం పాలిబియస్‌లోనూ లేదు, లివీలోనూ లేదు, ప్లూటార్క్‌లోనూ లేదు. అది తరువాతివారి చేర్పు.

కొద్దిరోజులు గడిచేసరికి గోడపై ఒక తాటిముక్క గాని కొయ్యముక్క గాని కనిపిస్తే చాలు, ఆర్కిమెడీస్ ఏదో యంత్రాన్ని ఎక్కుపెట్టాడని రోమన్ సైనికులు వెనుదిరిగి పరుగుతీసేవారని ప్లూటార్క్ వ్రాశాడు. మార్సెలస్ దాడిని మాని, నగరాన్ని దిగ్బంధించి, ఆకలిని ఆయుధంగా చేసుకొన్నాడు. యంత్రాలు గోడలను కాపాడగలిగాయి గాని మనుషుల ఏమరుపాటును కాపాడలేకపోయాయి. క్రీ.పూ. 212లో ఆర్టెమిస్ దేవత ఉత్సవంలో నగరవాసులు మునిగి ఉన్న రాత్రి, కాపలా సడలిన ఒక బురుజు దగ్గర రోమన్లు నిచ్చెనలు వేసి లోపలికి దిగారు. తక్కిన భాగాలు నెలల తరబడి ప్రతిఘటించి, చివరకు లొంగిపోయాయి. నగరం కొల్లగొట్టబడింది.

ఆ దోపిడీలోనే ఒక సైనికుని చేతిలో ఆర్కిమెడీస్ హతుడయ్యాడు. రేఖాచిత్రంలో లీనమై ఉండి సైనికుని ఆజ్ఞను పాటించలేదని ఒక కథనం. గణిత పరికరాలను పెట్టెలో పెట్టుకొని మార్సెలస్ వద్దకు వెళుతుంటే, అందులో బంగారం ఉందని భ్రమించి చంపారని మరొక కథనం. రెండవది అంతగా ప్రచారంలోకి రాలేదు గాని, దోపిడీ జరిగే వీధిలో అదే ఎక్కువ సహజంగా కనిపిస్తుంది. ఆయన మరణానికి మార్సెలస్ చింతించాడనీ, బంధువులను ఆదరించాడనీ చెబుతారు. గ్రహగతులను చూపడానికి ఆర్కిమెడీస్ నిర్మించిన గోళయంత్రాన్ని మార్సెలస్ రోమ్‌కు తీసుకుపోయాడు.

గోళం ఘనపరిమాణం దానిని చుట్టిన స్తూపంలో మూడింట రెండు వంతులని నిరూపించడాన్ని ఆర్కిమెడీస్ తన సాధనలలో ఉత్తమమైనదిగా ఎంచుకొన్నాడు. సమాధిపై ఆ రెండు ఆకృతులనే చెక్కించాలని కోరాడట. క్రీ.పూ. 75లో సిసిలీలో అధికారిగా ఉన్న సిసిరో ఆ సమాధి కోసం వెదికాడు. అటువంటిది లేనే లేదని నగరవాసులు అన్నారు. ముళ్ళపొదల నడుమ ఒక చిన్న స్తంభంపై గోళమూ స్తూపమూ కనిపించగా, కొడవళ్ళు పట్టిన మనుషులను పంపించి ఆ పొదలను నరికించాడు. ఆ సమాధి తరువాత మళ్ళీ మరుగునపడింది.

ఆర్కిమెడీస్ యంత్రాలను గురించి ఏమీ వ్రాయకపోవడానికి ప్లూటార్క్ ఒక కారణం చెప్పాడు. చేతిపనితో కూడిన విద్యలు ఆయన దృష్టిలో హీనమైనవట. నిష్ప్రయోజనమైన శుద్ధగణితమే ఆయనకు ఇష్టమట. ఓడను లాగిన యంత్రానికి ఒక్క చిత్రం కూడా మిగలకపోవడం ఈ మాటకు బలం చేకూర్చింది. తాళ్ళు పేనినవారు, దూలాలు చెక్కినవారు, ఇనుపహస్తాన్ని తయారుచేసినవారు ఎవరో చరిత్రకు తెలియదు. అయితే ప్లూటార్క్ ఆర్కిమెడీస్‌కు సుమారు మూడు వందల ఏళ్ళ తరువాతివాడు. ప్లేటో తత్త్వాన్ని నమ్మినవాడు కూడా కనుక, తన అభిప్రాయాన్నే ఆర్కిమెడీస్ నోట పెట్టి ఉండవచ్చు.

ఈ అనుమానానికి ఆధారం ఇరవయ్యో శతాబ్దంలో గాని దొరకలేదు. పదవ శతాబ్దంలో తోలుపత్రాలపై నకలు వ్రాసిన ఆర్కిమెడీస్ గ్రంథాన్ని పదమూడవ శతాబ్దంలో ఎవరో గీకివేసి, పత్రాలను అడ్డంగా తిప్పి, పైన ప్రార్థనలు వ్రాసుకొన్నారు. డేనిష్ పండితుడు హైబర్గ్ 1906లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ ప్రార్థన పుస్తకపు అక్షరాల కింద మసకగా ఉన్న పాత అక్షరాలను గుర్తించాడు. అందులో ఆర్కిమెడీస్ తన మిత్రుడు ఎరటోస్తనీస్‌కు వ్రాసిన లేఖ ఉంది. తన సిద్ధాంతాలలో కొన్ని మొదట యంత్రశాస్త్ర మార్గంలోనే స్ఫురించాయనీ, రేఖాగణిత నిరూపణ తరువాత చేశాననీ ఆయన అందులో దాచకుండా చెప్పాడు. గోళాన్ని పలుచని ముక్కలుగా కోసినట్లు ఊహించి, ఆ ముక్కలను ఊహలోనే ఒక తులాదండంపై వేలాడదీసి తూచాడు. సమాధిపై చెక్కించుకోదలచిన ఆ సిద్ధాంతం ఆయనకు ముందుగా దొరికింది ఈ త్రాసులోనే.

ఆ పుస్తకం కొంతకాలానికి మళ్ళీ అదృశ్యమైంది. 1998లో న్యూయార్క్ వేలంలో ఇరవై లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నవారు దానిని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియానికి అప్పగించారు. బూజుపట్టి, అంచులు కాలి, పైన రంగుల బొమ్మలు కూడా పూసి ఉన్న ఆ పత్రాలను ఒక్కొక్కటిగా విప్పి, రకరకాల కాంతులలో ఛాయాచిత్రాలు తీసి, ఎక్స్ కిరణాలతో సిరాలోని ఇనుము జాడను పట్టుకొని చదివారు. ఆ చిత్రాలూ, చదివిన పాఠమూ 2011లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి.